మోరీ మీది గోడౌను

“పట్టు చీర కట్టుకొని యాడికి పోవాలంట వాళ్ళు? పెండ్లికా?” సుబ్బలక్ష్మమ్మ అడిగిందే మళ్ళీ అడిగింది.

“చీర చీరే కదమ్మా. తుఫానులో ఒంటి మీద గుడ్డ కూడా మిగలనోళ్ళకి పట్టయితేనేమి, నూలయితేనేమి,” అన్నాడు జయరామప్ప.

“అది తడిస్తే ఎప్పుడు ఆరుతుందో నీకేం తెలుసురా? ఉతికేదాన్ని అడగాల. నూలు చీరలు కొనిచ్చేది వదిలేసి...”

“అంగడి పేరు మీద ఇస్తా ఉండాము. సిల్కు అంగడోడు నూలు చీరలిచ్చినాడంటే నగర్తపేటంతా నవ్వుతాది. పేపరోళ్ళు ఫోటో తీసేదానికి వస్తా ఉండారు.”

“అయితే ఫోటోకి నువ్వే కట్టుకో పట్టు చీర.”

పక్కన కూర్చుని చీరలు మడతపెడుతున్న సుశీలకు నవ్వొచ్చింది. మొగుడి మొహం చూసి నవ్వును కొంగు చాటున దాచుకుంది. పొద్దున ఇడ్లీల దగ్గర మొదలైన గొడవ ఇది. జయరామప్ప స్నానం చేసి వచ్చాడు, విభూతి పెట్టుకున్నాడు, అంగడికి పోవడానికి చొక్కా కూడా తొడుక్కున్నాడు. గొడవ మాత్రం ఉన్నచోటే ఉంది. సుబ్బలక్ష్మమ్మ తన వంతుగా ఇవ్వదలచిన పాత నూలు చీరలు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కదాని కొంగులోంచి ఒక పోగు లాగి పక్కన పెడుతోంది. కట్టిన చీర పరాయివాళ్ళకు ఇచ్చేటప్పుడు ఒక పోగైనా ఇంట్లో ఉంచుకోవాలి, లేకపోతే ఇంట్లోని లక్ష్మి చీరతో పాటే గడప దాటుతుందని ఆమె నమ్మకం. వాళ్ళ నేత కులంలో పుట్టిన ఆడవాళ్ళందరూ అలాగే చేస్తారు.

దివిసీమలో సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి కొన్ని రోజులైంది. రేడియోలో అదే మాట, పేపర్లో అవే బొమ్మలు. ఉబ్బిన గొడ్లు, కూలిన తాటిచెట్లు, ఎవరి బిడ్డో ఎవరికీ తెలియని బిడ్డలు. ఆ బొమ్మలు చూసి సుశీల రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేకపోయింది. బెంగుళూరులో ఉన్న తెలుగువాళ్ళం మనమే ఊరుకుంటే ఎలా అని పేటలోని సిల్కు వ్యాపారులు ఒక కమిటీ వేసుకున్నారు. దానికి జయరామప్పను అధ్యక్షుణ్ణి చేశారు. ఆదివారం నాడు దుప్పటి పట్టుకుని బళేపేట నుంచి నగర్తపేట దాకా వీధి వీధీ తిరిగి బట్టలూ బియ్యమూ ఎత్తాలని నిర్ణయించారు. ఇదంతా మంచి పనే. సుశీలకు అందులో అనుమానం లేదు.

అనుమానం వచ్చింది ఆ పట్టు చీరల మడత విప్పినప్పుడు.

నెమలికంఠం రంగు చీర. అంచులో గోపురాలు. చీర నడుమ నుంచి అడ్డంగా, ఎవరో గీత గీసినట్టు, వంగపండు రంగు మరక. దాని కింద జరీ నల్లబడి ఉంది. సుశీల అంచును వేలితో తడిమింది. గోపురం కొన దగ్గర ఒక పోగు ఎక్కువ వేసి మొన తేల్చేవాడు ఆమె నాన్న. నాన్న తరువాత ఆ అలవాటు ఆమె తమ్ముడు మునిస్వామి చేతికి వచ్చింది. వాళ్ళిద్దరికీ తప్ప నేతగాళ్ళ సందులో ఇంకెవరికీ లేదు. రెండో చీర విప్పింది. అదే అంచు, అదే మరక.

“ఇవి మునిస్వామి నేసినవి కదా?” అంది.

“ఎవరు నేస్తేనేమి? నా పడుగు, నా పేక,” అన్నాడు జయరామప్ప చెప్పులు తొడుక్కుంటూ. “అమ్మేదానికి పనికిరావు. దేనికో ఒకదానికి పనికొస్తా ఉండాయి కదా.”

అతను వెళ్ళిపోయాడు. సుబ్బలక్ష్మమ్మ కోడలి వైపు ఒకసారి చూసి, మళ్ళీ పోగు లాగడంలో పడింది.

ఆ మరక కథ ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కింద అంగడి, పైన కాపురం. ఇంటి వెనక వాననీళ్ళు పోయే పెద్ద మోరీ. మోరీ అవతల పల్లంలో నేతగాళ్ళ సందు. సుశీల పుట్టిందీ పెరిగిందీ ఆ సందులోనే. మోరీ ఇవతలి ఇంటికి కోడలుగా వచ్చినప్పుడు ఆమె దాటిన దూరం ఒక చిన్న రాతి వంతెన. కొన్నేళ్ళ కింద అంగడి పెద్దదై సరుకు పెట్టడానికి చోటు చాలక, జయరామప్ప మోరీలోనే స్తంభాలు లేపి, వాటి మీద రాతి బండలు పరిచి గోడౌను కట్టాడు. కార్పొరేషన్ వాళ్ళు వచ్చి చూసి, కాఫీ తాగి వెళ్ళారు. అప్పటి నుంచి పేటలోని చెత్తంతా వచ్చి ఆ స్తంభాలకు చుట్టుకుంటోంది. వాన గట్టిగా పడితే నీళ్ళు ముందుకు పోవు, వెనక్కి తిరిగి సందులోకి వస్తాయి.

సందులో ఉన్నవన్నీ గుంట మగ్గాలు. నేతగాడు నేల మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి దించి పలకలు తొక్కుతాడు. ఇంట్లోకి నీళ్ళు వస్తే మొట్టమొదట నిండేది ఆ గుంటే. దసరా వెళ్ళిన తరువాత ఒక రాత్రి కుండపోతగా కురిసింది. మునిస్వామి గుంట నిండి, నీళ్ళు మగ్గం మీదికి వచ్చి, నేసిన బట్టా నేయాల్సిన పడుగూ రెండూ మునిగిపోయాయి. జయరామప్ప వచ్చి చూశాడు. పాపం అన్నాడు. గుంట ఆరేదాకా కొత్త పడుగు ఇచ్చేది లేదన్నాడు. ఆ మాటను తప్పుపట్టడానికి లేదు. తడి గుంట మీదికి పట్టు పడుగు ఎక్కించే వ్యాపారి ఏ ఊళ్ళోనూ ఉండడు. కానీ ఆ గుంట ఎందుకు ఆరడం లేదని మాత్రం మోరీ ఇవతలి ఇంట్లో ఎవరూ అడగలేదు.

సుశీల కూడా అడగలేదు. అడిగితే వచ్చే జవాబు ఆమెకు కాపరానికి వచ్చిన కొత్తలోనే తెలిసిపోయింది. తమ్ముడికి జ్వరమని రసం పంపినా, మరదలికి పాత రవిక ఇచ్చినా, ఆ ఇంట్లో ఒకటే మాట: “పుట్టింటికి మోసేదానికే వచ్చింది.” ఆ మాట పడలేక ఇన్నేళ్ళు నోరు కట్టేసుకుంది. ఈ రోజు ఆ మరక చీరలను కమిటీ వాళ్ళ కోసం మడతపెట్టబోతే మాత్రం అంచులు కలవక రెండుసార్లు విప్పి మళ్ళీ మడిచింది. లోపల పొంగుతున్నది ఏడుపు కాదని తెలుసుకోవడానికి ఆమెకు కాసేపు పట్టింది.

మామగారు పిల్లప్ప ముందరి అరుగు మీద పేపరు చదువుతున్నాడు. అంగడి కొడుకు చేతికి ఇచ్చినప్పటి నుంచి ఆయన పని అదే. ఏ దేశంలో ఏం జరిగినా ఆయనకు తెలిసి ఉండాలి. సుశీల కాఫీ పట్టుకెళ్ళింది.

“చూడమ్మా సుశీలా,” అన్నాడు పేపరు దించకుండానే. “ఈ హాలెండోళ్ళు ఉండారే, వాళ్ళ దేశం సముద్రం కంటే పల్లంలో ఉండాదంట. ఒకసారి నీళ్ళొచ్చి జనం చచ్చినారు. సుమ్మనే ఊరుకున్నారా? సముద్రానికే తలుపులు పెడతా ఉండారు. జపానోళ్ళయితే బడి పిల్లకాయలకి కూడా నేర్పిస్తారంట, తుఫానొస్తే ఏం చేయాల, యాడికి పరుగెత్తాల అని.”

“మన దగ్గర?”

“మన దగ్గర ఏముండాది? రెండు పొద్దులు ఏడుస్తాము, దుప్పటి పడతాము, మరిచిపోతాము. తూర్పు పాకిస్తాను సంగతి చూడు. తుఫానులో అంత జనం పోతే పైన కూర్చున్న దొరలు తొంగి చూసేదానికి తొందర పడలేదు. జనానికి కోపమొచ్చింది. ఓట్లలో చూపించినారు. ఆ కోపం యాడిదాకా పోయింది? దేశమే రెండుగా చీలిపోయె. కోపమంటే అట్లుండాల. మనోళ్ళకి కోపమొచ్చేదే లేదు.”

“మన వెనక సందులోకి నీళ్ళొస్తే ఎవరి మీద కోపం రావాల మామా?”

పిల్లప్ప పేపరు దించి కోడలి వైపు చూశాడు. సుశీల అలాంటి మాట ఎప్పుడూ అడిగింది కాదు.

“అది వాన నీళ్ళమ్మా. వాననీళ్ళు పల్లానికి పోతాయి. దానికెవరేం చేస్తారు?”

“పోయేదానికి మోరీ ఉండె కదా.”

ఆయన లోటా ఎత్తి ఒక గుక్క తాగాడు. “కాఫీలో చక్కెర తక్కువయింది,” అని మళ్ళీ పేపరెత్తుకున్నాడు.

సుశీల వంటింట్లోకి పోయి చక్కెర తెచ్చి ఆయన పక్కన ఠకీమని పెట్టింది. తరువాత వెనక మెట్లు దిగి, రాతి వంతెన దాటి సందులోకి నడిచింది.

మునిస్వామి ఇంటి ముందు ఎర్రమట్టి కుప్ప. అతను గంపతో మట్టి లోపలికి మోస్తున్నాడు. పక్కింటి పాపక్క గడప మీద కూర్చుని కండెలకు దారం చుడుతోంది. ఆమె ఇంటి మగ్గం గట్టు మీద ఉంది కాబట్టి ఇంకా ఆడుతోంది.

“రా సుశీలమ్మా,” అంది పాపక్క. “మీ తమ్ముడి గుంటలో కప్పలు కాపరం పెట్టినాయి. అద్దె అడుగుదామంటే నోరు తెరిచి గలాటా చేస్తా ఉండాయి. అందుకని పూడ్చేస్తా ఉండాడు.”

సుశీల లోపలికి పోయింది. మగ్గం ఖాళీగా, ఎముకల గూడులా నిలబడి ఉంది. గుంటలో ఇంకా మడమ లోతు నీళ్ళు. నీళ్ళలో సగం కరిగిన ఎర్రమట్టి. పాచి వాసన. తొక్కుడు పలకలు ఊడదీసి గోడకు ఆనించి పెట్టారు. ఆ గుంట గట్టున కూర్చునే ఆమె చిన్నప్పుడు నాన్నకు కండెలు అందించేది.

“ఏందిరా ఇది?”

“చూస్తా ఉండావు కదా.” మునిస్వామి గంప దించాడు. “దొడ్డబళ్ళాపురం పోతా ఉండాము. మునిలక్ష్మి వాళ్ళన్న పవర్ లూములో పని చెప్పినాడు. మగ్గం ఎవరన్నా అడిగితే ఇచ్చేస్తా. గుంట ఉంచి ఏం చేసేది?”

“రాత్రి షిఫ్టంట,” అంది మునిస్వామి భార్య మునిలక్ష్మి వంటమూల నుంచి. “ఈ మనిషి దగ్గుకి రాత్రి షిఫ్టు.”

“మీ బావతో మాట్లాడినావా?”

“మాట్లాడినా. కార్పొరేషన్ని అడగమన్నాడు. వాళ్ళని అడిగితే మీ బావనే అడగమన్నారు. ఇద్దరూ మర్యాదగానే చెప్పినారు.”

“నేను చెప్తా...”

“నువ్వు నోరు తెరిచేది వద్దక్కా. నీ కాపరం చెడుపుకొని నా మగ్గం నిలబెట్టొద్దు.”

“ఏం, తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?” మునిలక్ష్మి గరిటె పట్టుకునే ముందుకు వచ్చింది. ఎప్పుడూ వదినా వదినా అని మెత్తగా మాట్లాడే మనిషి. “వాన పడినప్పుడల్లా వచ్చి గుంటలోకి తొంగి చూసి, అయ్యో అని పోయేదానికి మా ఇల్లేమన్నా లాల్‌బాగు తోటా వదినా? మీ ఇంటి మేడ మీద నుంచి చూసినా కనిపిస్తాది కదా మా నీళ్ళు.”

“నోరు ముయ్యి మునిలక్ష్మీ,” అన్నాడు మునిస్వామి.

“ఎందుకు ముయ్యాల? యాడో సముద్రం పొంగితే పేటంతా ఏడ్చింది. నేనూ ఏడ్చినా. మా ఇంట్లో నీళ్ళొచ్చినప్పుడు ఎవరు ఏడ్చినారు? వాళ్ళకి నీళ్ళు పంపించింది దేవుడు. మాకు పంపించింది ఎవరో పేరు చెప్పేదానికి కూడా భయం.”

సుశీల నోటికి వచ్చింది ఒక్కటే, అది చెప్పేసింది. “ఆ మరక చీరలు రెండూ దివిసీమకు పంపిస్తా ఉండారు. అంగడి పేరు మీద.”

మునిస్వామి నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. “మరకని చెప్పి నాకు కూలి ఇయ్యలేదు. అమ్మేదానికి పనికిరాదన్నాడు. దానం చేసేదానికి పనికొచ్చినాయా?”

గుంటలో ఒక కప్ప అరిచింది. గడప మీద నుంచి పాపక్క, “చూసినారా, అద్దె మాట ఎత్తగానే,” అంది.

“ఆదివారం దాకా పూడ్చొద్దురా,” అంది సుశీల. “ఆదివారం దాకా ఆగు.”

“ఆదివారానికి ఏమవుతాది?”

ఏమవుతుందో ఆమెకూ తెలియదు. మునిస్వామి మాత్రం గంప బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ జయరామప్పతో చెప్పింది. పుట్టింటి పేరు ఎత్తకుండా, సందులో అందరి సంగతిగా చెప్పింది. గోడౌను కింద స్తంభాలు ఉన్నంతకాలం నీళ్ళు వెనక్కి తిరుగుతాయనీ, గుంటలు ఆరవనీ, నేతగాళ్ళు ఒక్కొక్కరే ఊరు వదిలిపోతారనీ. అతను ముద్ద చారులో ముంచుతూ చివరిదాకా విన్నాడు.

“దేశమంతా దివిసీమ అంటా ఉంటే నీకు నీ తమ్ముడి గుంట కనిపిస్తా ఉండాది,” అన్నాడు.

“రెండూ కనిపిస్తా ఉండాయి.”

“సరుకు యాడ పెట్టాల మరి? నీ తల మీదా?”

సుబ్బలక్ష్మమ్మ ‘పుట్టింటికి మోసేదానికే’ అన్నట్టు కోడలి వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు సుశీలకు కొత్త కాదు. ఆ రోజు మాత్రం అది ముల్లులా దిగి అక్కడే విరిగింది.

ఆదివారం తెల్లవారకముందే వాన పట్టుకుంది. కార్తీక మాసం చివర్లో అంత వాన ఏమిటని అందరూ ఆశ్చర్యపోయారు. కొంచెం తెరిపి ఇవ్వగానే కమిటీ వాళ్ళు గొడుగులతో బయల్దేరారు. “వానలో పోతేనే బాగుంటాది, జనానికి మనసు కరుగుతాది,” అన్నాడు ఎవరో. జయరామప్ప తెల్ల పంచె కట్టుకున్నాడు. కాలేజీలో చదివే కూతురు శాంత కూడా నాన్న వెంట వెళ్ళింది. ఆడవాళ్ళతో కలిసి సుశీల కూడా రావాలని, ఫోటోలో అధ్యక్షుడి భార్య ఉంటే బాగుంటుందని కబురు వచ్చింది. సుశీల చీర మార్చుకుని, జడ వేసుకుని, వెనక కిటికీ మూయడానికి పోయింది.

కిటికీలోంచి మోరీ కనిపించింది. గోడౌను స్తంభాల దగ్గర అరటిబోదెలు, చిరిగిన గోనెలు, పగిలిన గంపలు పేరుకుని గోడ కట్టినట్టుంది. ఎర్రటి నీళ్ళు ఆ గోడకు తగిలి, ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, సందు వైపు తిరుగుతున్నాయి.

ఆమె కిటికీ మూయలేదు. మెట్లు దిగింది.

మునిస్వామి ఇంట్లో నీళ్ళు అప్పటికే గడప దాటాయి. గుంట నిండిపోయింది. మునిలక్ష్మి బిందెతో, మునిస్వామి బకెట్టుతో తోడుతున్నారు. తోడిన నీళ్ళు వీధిలో పోస్తే మళ్ళీ లోపలికే వస్తున్నాయి. అది తెలిసీ తోడుతున్నారు. సుశీల కుచ్చిళ్ళు ఎత్తి నడుములో దోపుకుని గుంటలోకి దిగింది. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. చల్లగా, జిగటగా ఉన్నాయి. మునిలక్ష్మి ఒక్క క్షణం ఆగి చూసింది. తరువాత తన చేతిలోని బిందె ఆమెకు ఇచ్చి, తాను వంటపాత్ర తెచ్చుకుంది. ఇద్దరూ కలిసి తోడారు.

తోడుతుంటే సుశీలకు ఎవరి మీదో ఒకరి మీద కాదు, వరసగా అందరి మీదా కోపం వచ్చింది. కాఫీ తాగి వెళ్ళిన కార్పొరేషన్ వాళ్ళ మీద. హాలెండు తెలిసిన మామగారి మీద. పోగు లాగి లక్ష్మిని దాచుకునే అత్త మీద. మొగుడి మీద. అన్నిటికంటే ఎక్కువగా, ఇన్ని వానలు చూసి కిటికీ మూసుకున్న తన చేతుల మీద.

సందు మొదట్లో తప్పెట శబ్దం వినిపించింది. కమిటీ వాళ్ళు వచ్చారు. నలుగురు మనుషులు దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని ఉన్నారు. అందులో చీరలు, రవికలు, చొక్కాలు, బియ్యం మూటలు. పైన ఎవరో గొడుగులు పట్టారు. “దివిసీమ సోదరులకు సహాయం చేయండి” అని ఒకతను అరుస్తున్నాడు. సందులో నీళ్ళు చూసి, పంచెలు ఎత్తి పట్టుకుని అక్కడే ఆగారు.

“రండప్పా, రండి,” పాపక్క గడప మీద నుంచి పిలిచింది. “దుప్పటి ఇట్ల పట్టండి, మా నీళ్ళు పోస్తాము. ఆడ తక్కువయ్యుంటే పనికొస్తాది.”

ఎవరో నవ్వారు. నవ్వి, వెంటనే దగ్గారు. తెలుపు గొడుగు పట్టుకున్న ఒక పెద్ద వ్యాపారి, పేటకు కొత్తగా వచ్చినాయన, “ఈ నీళ్ళు యాడికి పోవాల మామూలుగా?” అని అడిగాడు.

“అదో, ఆ గోడౌను కింద నుంచి పోవాల,” పాపక్క చెయ్యి చూపించింది. “కాని ఆడ తలుపు మూసినారు. గోడౌను ఎవరిదని అడగొద్దు స్వామీ, మీ పక్కనే నిలబడుకొని ఉండారు.”

జయరామప్ప ముందుకు వచ్చాడు. నవ్వు మొహం పెట్టాలని చూశాడు. “కార్పొరేషన్ కి రాసినాము. వాళ్ళు వచ్చి...” అంటూండగా తెరిచిన తలుపులోంచి ఇంట్లోపల భార్య కనిపించింది. బురదలో, తొడల దాకా నీళ్ళలో, చేతిలో బిందెతో.

“సుశీలా, ఏందిది? పైకి రా. జనం చూస్తా ఉండారు.”

“చూడనియ్యండి,” అంది సుశీల.

ఆమె గట్టిగా అనలేదు. కానీ తప్పెట ఆగిపోయి ఉండడం వల్ల అందరికీ వినిపించింది. దుప్పటి పట్టుకున్న నలుగురూ ఏ వైపు చూడాలో తెలియక దుప్పట్లోకి చూశారు. శాంత తండ్రి వెనక నిలబడి తల్లినే చూస్తోంది.

అప్పుడు మునిలక్ష్మి అటక మీద నుంచి ఒక కంబళి దించింది. తడవకుండా ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పెట్టుకున్నది. నీళ్ళలో నడుచుకుంటూ పోయి, కాగితం విప్పి, కంబళిని దుప్పట్లో పెట్టింది.

“మా అమ్మ పెండ్లికి పెట్టింది. పరవలేదు, కప్పలేదు,” అంది. “మరక లేదు. కావాలంటే విప్పి చూసుకోండి.”

తెలుపు గొడుగు వ్యాపారి జయరామప్ప మొహం చూసి, మాట మార్చి, “పోదాం పదండప్పా, వాన ఎక్కువయ్యేట్టుంది,” అన్నాడు. తప్పెట మళ్ళీ మొదలైంది. ఈసారి మెల్లగా మోగింది.

సాయంత్రానికి నీళ్ళు తీశాయి. బురద మిగిలింది. మునిస్వామి గుంట గట్టున కూర్చుని, “రేపు పొద్దున పూడ్చేస్తా అక్కా. ఇంక ఆగేదానికి నాకు శక్తి లేదు,” అన్నాడు. మునిలక్ష్మి సుశీల కాళ్ళకు వేడినీళ్ళు పోసింది. సుశీల ఆమె చెవిలో ఏదో చెప్పింది. మునిలక్ష్మి తల ఎత్తి చూసి, “ఇది మాట వరసకా వదినా?” అంది. కాదని సుశీల తల ఊపింది.

ఇంటికి వచ్చి తల స్నానం చేసి, ఎప్పటిలా వంట చేసింది. రాగిముద్ద, ఆకుకూర నీళ్ళతో కాచిన బస్సారు, అన్నం. అందరూ వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరికీ ముద్ద పెట్టి చారు పోసింది. మొదట మాట్లాడింది సుబ్బలక్ష్మమ్మే.

“పుట్టింటి కోసం మొగుడి మానం వీధిలో పెట్టింది. ఇంతకాలానికి.”

“ఫోటో తీసినోడు దాన్ని కూడా తీసినాడో ఏమో,” అన్నాడు జయరామప్ప. అతని గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. “ఆ గొడుగాయన దారిపొడుగునా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనేం పాపం చేసినానని? పేటలో మోరీ మీద కట్టనోడు ఎవడుండాడో చూపించమను.”

“అది నిజమే,” అన్నాడు పిల్లప్ప.

“నాకు మాత్రం మనసు లేదా?” జయరామప్ప పెళ్ళాం వైపు చూడకుండా అన్నాడు. “దుప్పట్లో వచ్చిన దాంట్లో నుంచి నాలుగు కంబళ్ళు తీసి సందులోకి ఇచ్చేద్దాము. వాళ్ళూ నీళ్ళలో ఉండేవాళ్ళే కదా. అడిగేవాళ్ళు ఎవరూ లేరు.”

సుశీల చేతిలో గరిటె ఆగింది. దివిసీమ వాళ్ళకు జనం ఇచ్చిన కంబళ్ళు. ఎక్కడి నీళ్ళ బాకీ ఎక్కడ తీర్చాలని చూస్తున్నాడో ఆ మనిషికే తెలియడం లేదు. అతను దుర్మార్గుడైతే ఎంత తేలికగా ఉండేదో అనిపించింది ఆమెకు. అతను మంచి చేస్తున్నాననే అనుకుంటున్నాడు. పొద్దున గుంటలో రగిలిన కోపం వేడి తగ్గి, ఆ స్థానంలో చల్లగా, గట్టిగా ఏదో కూర్చుంది.

సుశీల కూతురి విస్తట్లో ఇంకొంచెం చారు పోసింది. గరిటె గిన్నెలో పెట్టి, కొంగుతో చేయి తుడుచుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. వడ్డన మధ్యలో ఆమె కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. అందరూ తలలెత్తారు.

“కంబళ్ళు వద్దు. అవి పోవాల్సిన చోటికి పోనియ్యండి,” అంది. “రేపట్నుంచి నేను మునిస్వామి ఇంట్లో ఉంటాను. గుంట పక్కనే చాప వేయమని మునిలక్ష్మికి చెప్పి వచ్చినాను. నేను పడుకొని ఉంటే వాడు మట్టి పోయలేడు. మోరీ మీద బండలు లేపి, స్తంభాలు తీసిన పొద్దు వస్తాను. అంతదాకా రాను.”

జయరామప్ప చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. “కమిటీ వాళ్ళు అడిగితే ఏం చెప్పాల?”

“ఉన్నదే చెప్పండి. మీరు చెప్పలేకపోతే నా దగ్గరికి పంపించండి, నేను చెప్తాను.”

సుబ్బలక్ష్మమ్మ నోరు తెరిచింది. పిల్లప్ప చేయెత్తి ఆమెను ఆపాడు. తరువాత తల దించుకుని విస్తట్లోకి చూశాడు.

సుశీల లేచి అత్త విస్తట్లో అన్నం వడ్డించింది. “పాలవాడు తెల్లారే వస్తాడు అత్తా,” అంది. “పాలు మీరే కాచిపెట్టుకోవాల.”